నెమ్ము చేరింది... ఏ నెమ్ము?

గరివిడిలో దగ్గుకు కారణం చెప్పడం తేలిక. ‘దుమ్ము పడలేదు’ అంటే సరి! దేశంలో మాంగనీసు తవ్వకాలు 1892లో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే మరి. గనుల వెనకే కొలిమీ వచ్చింది. కాబట్టి దగ్గు పాత చుట్టమే.

ఆ చుట్టాన్ని చూసి జనం హడలిపోయింది 2020లో. ఆ ఏడాది మే నెల వచ్చేదాకా విజయనగరం జిల్లాలో ఒక్క కరోనా కేసూ నమోదు కాలేదు. ఆ తరవాత మాత్రం జ్వరమూ ఆయాసమూ కనిపిస్తే చాలు, కరోనా అనే అనుమానం. కానీ మహమ్మారి వచ్చిందని మిగతా నెమ్ములు సెలవు పెట్టవుగా!

న్యూమోకాకస్‌ అనే బ్యాక్టీరియా తెచ్చే నెమ్ము హఠాత్తుగా మీద పడుతుంది. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికల్లా వణుకుతో తీవ్రజ్వరం, ఊపిరి పీలిస్తే ఒకపక్క పోటు, తుప్పురంగు కళ్లె. ఎక్స్‌రేలో చాలావరకు ఒకచోటే తెల్లగా గడ్డకట్టినట్టు ఉంటుంది. దీనికి యాంటీబయాటిక్‌ పడాల్సిందే, అదీ త్వరగా.

కరోనా నడక వేరు. ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, కొందరికి వాసన తెలియకపోవడం... అలా వారం గడిచి, ‘తగ్గిపోయిందిలే’ అనుకునే వేళకి ఆయాసం మొదలవుతుంది. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల అంచుల్లోనూ గరుకు అద్దంలాంటి మచ్చలు. కొందరైతే ఆక్సిజన్‌ పడిపోయినా మామూలుగానే కబుర్లు చెబుతారు. అప్పట్లో ఇంటింటా పల్స్‌ ఆక్సీమీటర్‌ చేరింది అందుకే. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి వెళ్లాలన్న మాట పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది.

మరి దగ్గు రెండువారాలు దాటి, సాయంత్రం పూట జ్వరం కాస్తూ, మనిషి చిక్కిపోతుంటే? అది క్షయ కావచ్చు. దానికి తేల్చేది కళ్లె పరీక్ష. రాతిధూళిలో ఏళ్లతరబడి పనిచేసి సిలికోసిస్‌ తెచ్చుకున్నవాళ్లకి క్షయ ముప్పు మరీ ఎక్కువ. మాంగనీసు దుమ్మునీ తక్కువ అంచనా వేయకూడదు. 1920ల్లో నార్వేలోని సౌదా అనే ఊళ్లో మాంగనీసు కొలిమి పెట్టాక అక్కడ న్యుమోనియా మరణాలు బాగా పెరిగాయి. అంటే ‘దుమ్ము పడలేదు’ అన్న పాతమాటలో కొంత నిజం ఉందన్నమాట. చిక్కల్లా అక్కడితో ఆగిపోవడమే.

అసలు తిరకాసు రెండూ కలిసి వచ్చినప్పుడు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో ఎక్కువమందిని బలిగొన్నది వైరస్‌ ఒక్కటే కాదు, దాని వెనకే ఊపిరితిత్తుల్లో చేరిన బ్యాక్టీరియా. జ్వరం తగ్గి, రెండ్రోజులు తేరుకుని, మళ్లీ చలిజ్వరం, చిక్కటి కళ్లె మొదలైతే డాక్టర్లు అనుమానించేది దాన్నే. కరోనాలో ఇలాంటి జంటదాడి మొదట్లోనే కనిపించడం తక్కువ. అయినా యాంటీబయాటిక్‌లు మాత్రం మిఠాయిల్లా పంచేశారు!

స్టెరాయిడ్ల కథా అంతే. ఆక్సిజన్‌ అవసరమైన కరోనా రోగుల ప్రాణాలను డెక్సామెథసోన్‌ కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన తేల్చింది. ఆక్సిజన్‌ అక్కర్లేనివాళ్లకి మాత్రం మేలేమీ కనిపించలేదు. అదే మాత్రను క్షయ ఉందని తెలియక మింగితే లోపలి జబ్బు ఇంకా విజృంభిస్తుంది. 2021లో బ్లాక్‌ఫంగస్‌ చెలరేగడానికీ అదుపులేని మధుమేహంతోపాటు అడ్డూ ఆపూ లేని స్టెరాయిడ్ల వాడకం ఒక కారణం.

ఆర్టీపీసీఆర్‌ నెగెటివ్‌ వచ్చినంత మాత్రాన కరోనా లేదని కాదు, పాజిటివ్‌ వచ్చినంత మాత్రాన క్షయ లేదనీ కాదు. అందుకే డాక్టరుకి ‘దగ్గు’ అని చెప్పి ఊరుకోకుండా- ఏ రోజున మొదలైంది, కళ్లె ఏ రంగు, మధ్యలో తగ్గి మళ్లీ వచ్చిందా, ఏ గనిలో ఎన్నేళ్లు పనిచేశారు- ఇవన్నీ చెప్పాలి. స్కాన్‌లో కనిపించనివి ఇవే.