సారీ గార్డ్ పీకితేనే బండికి లుక్కా?

మా దిక్కు ఏ ఊరికి పోయినా ఇప్పుడు ఆర్‌15 బండి ఒక్కటన్నా కనిపిస్తుంది. పోరగాళ్లకు అదంటే పాణం. యమహా వాళ్లు 2008ల మన దేశంల దింపిన బండి ఇది. దాని తయారీల తెలివి ఉన్నది, నేను కాదనను. ఆ తెలివి దేని కోసం పెట్టిన్రో ఎరుకైతే మంచిది.

ముందటి ఫైబర్ బాడీ సూదిగ ఎందుకుంటది? గాలిని చీల్చేటందుకు. హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి ఎందుకున్నయి? తోలేటోడు ట్యాంకు మీదికి వంగాలె, మూల తిరిగేటప్పుడు ముందు టైరు మీద బరువు పడాలె. అంతా రేసు ట్రాకు లెక్క. 155 సీసీ ఇంజనుల వీవీఏ అని ఒకటుంటది. నిదానంగ పోతుంటే వాల్వులు ఒక తీరుగ తెరుసుకుంటయి, తిరుగుడు నిమిషానికి 7,400 దాటంగనే ఇంకో తీరుగ. అందుకే చిన్న ఇంజనైనా పైన ఊపు తగ్గదు. పూరా బలం 10,000 తిరుగుళ్ల కాడ వస్తది. మన ఊరి రోడ్డు మీద అంత దాక పోయే సందేది?

ఏబీఎస్ ఉంటే బండి టక్కున ఆగుతదని చానామంది అనుకుంటున్నరు. అది చేసేది వేరే. బ్రేకు గట్టిగ పట్టినా చక్రం బిగుసుకపోకుంట చూస్తది, హ్యాండిల్ మన మాట ఇంటది. కంకర మీద, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి ఆగేటందుకు ఇంకా ఎక్కువ దూరమే పట్టొచ్చు.

ఇగ అసలు ముచ్చట వెనక సీటు. జానెడు సీటు, అదీ ఎత్తు మీద. ట్రాకు మీద వెనక ఎవరూ కూసోరు. మన దగ్గర అమ్మ కూసుంటది, అక్క కూసుంటది, దవాఖానకో పెండ్లికో పోతరు. ఒక పక్కకు కూసుంటే కొంగు ఎడమ దిక్కు ఏలాడుతది. చైను కూడ అటే.

కేంద్ర మోటారు వాహనాల నియమాలల్ల 123వది దీని గురించే. వెనక మనిషి కూసునే బండికి పట్టుకునే గ్రిప్, ఫుట్‌రెస్ట్ ఉండాలె. బట్టలు చిక్కకుంట వెనక చక్రాన్ని కనీసం సగం మూసే అడ్డు కూడ ఉండాలె. షోరూం నుంచి రాంగనే మెకానిక్ కాడ మొదలు పీకించేది గదే. "లుక్ పోతదన్నా" అంటరు. చున్నీ చక్రంల చిక్కితే గుంజేది మెడను తమ్మీ.

ఒక్క పని చెయ్యుండ్రి. బండికి స్టాండు వేసి, ఇంజను బందు జేసి, మీరే వెనక సీటు మీద ఒక పక్కకు కూసోండ్రి. కాళ్లు ఎక్కడ ఆనుతయి, చెయ్యి దేన్ని పట్టుకుంటది, భుజం మీద తువ్వాల చక్రానికి ఎంత దూరంల ఉంటదో చూడుండ్రి. పీకిన గార్డ్ మెకానిక్ షాపుల ఏదో మూలకు పడి ఉంటది. మళ్ల బిగించుడు పది నిమిషాల పని.