విచ్చుకోని తూటా!

పల్నాట్లో అమెరికా పిల్లలు లేని వీధి ఇప్పుడు అరుదు. చలికాలం వచ్చిందంటే అక్కడి వేట ముచ్చట్లు ఫోన్లో మన అరుగుల మీదకీ వచ్చేస్తుంటాయి. ‘మా ఆఫీసులో ఒకాయన రివాల్వర్‌తో జింకను కొట్టాడంట తాతయ్యా’ అని మనవడు చెబితే గురజాల తాతయ్య నమ్ముతాడా? ‘చేతి తుపాకీకి జింక పడుద్దంట్రా?’ అంటాడు.

పడుతుంది. కాకపోతే రెండు లెక్కలు కుదరాలి. ఒకటి తూటా వేగం, రెండోది అది విచ్చుకోవడం. ఆ రెండూ కుదరకపోతే ఏమవుతుందో తెలుసుకోవాల్సింది మాత్రం అమెరికా వాళ్లకంటే ముందు మనమే!

వడిసెల లెక్క

చేలో పిట్టల్ని తోలేటప్పుడు చేత్తో విసిరిన రాయికీ వడిసెలతో విసిరిన రాయికీ తేడా తెలిసిందే. రాయి అదే, దెబ్బ వేరు. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. తూటాదీ ఇదే సూత్రం.

జింకల వేటకు వాడే .44 మాగ్నమ్ రివాల్వర్ 1950ల మధ్యలో వచ్చింది. దాని తూటా బరువు సుమారు 15 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 400 మీటర్లు. అదే .308 రైఫిల్ తూటా అయితే 10 గ్రాములు కూడా ఉండదు. వేగం మాత్రం 850 మీటర్ల దాకా ఉంటుంది. అందుకే బరువు తక్కువైనా దాని శక్తి రివాల్వర్ తూటాకు రెండున్నర రెట్లకు పైనే. పైగా దూరం పెరిగేకొద్దీ తూటా వేగం తగ్గిపోతూ ఉంటుంది. కాబట్టే అనుభవమున్న వేటగాళ్లు మామూలు రివాల్వర్‌తో వంద గజాలు దాటిన జింక జోలికి పోరు.

పత్తికాయలా...

వేగం తక్కువైన చోట ఆ లోటును పూడ్చేది తూటా విచ్చుకోవడమే. వేట తూటాకు లోపల సీసం, పైన రాగి తొడుగు ఉంటాయి. ముక్కు దగ్గర చిన్న గుంటగానీ, తొడుగు లేని మెత్తని సీసంగానీ ఉంటుంది. ఒంట్లోకి దిగగానే ఎండిన పత్తికాయ పగిలినట్టు ముక్కు విచ్చుకుంటుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లో, అంతకంటే ఎక్కువో అవుతుంది. గాయం పెద్దదై జంతువు త్వరగా ప్రాణం విడుస్తుంది.

ఇక్కడే ఉంది చిక్కంతా! వేగం చాలకపోతే ముక్కు విచ్చుకోదు. తూటా సన్నని రంధ్రం చేసుకుంటూ అవతలికి పోతుంది. వేగం మరీ ఎక్కువైతే ముక్కలై గుండెదాకా చేరదు. ఎక్కువగా విచ్చుకుంటే లోతుకు దిగదు, లోతుకు దిగాలంటే తక్కువ విచ్చుకోవాలి. ఈ రెంటికీ మధ్య సరైన తూకం దొరికితేనే జింకకు త్వరగా చావు. లేదంటే ఆ గాయంతోనే పొదల్లోకి పరుగెడుతుంది. పొట్టలో తగిలిందా... గంటల తరబడి నరకమే!

పుట్టింది మన దేశంలోనే

విచ్చుకునే తూటా కథలో మన దేశానికీ చోటుంది. 1890ల్లో వాయవ్య సరిహద్దుల్లో పోరాడిన బ్రిటిష్ సైనికులు, తమ కొత్త తూటాలు శత్రువు ఒంట్లోంచి దూసుకుపోతున్నాయే తప్ప మనిషిని ఆపడం లేదని ఫిర్యాదు చేశారు. దాంతో కలకత్తా పక్కనే ఉన్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే ముక్కు దగ్గర తొడుగు లేని తూటా తయారుచేశాడు. అదే డమ్‌డమ్ బులెట్. ఆ గాయాలు చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. మనిషి ఒంట్లో విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడకూడదని 1899లో హేగ్‌లో తీర్మానించారు. బ్రిటన్ అప్పుడు ఒప్పుకోలేదు. 1907లోగానీ దారికి రాలేదు.

చిత్రమేమిటంటే, మనిషికి బాధ ఎక్కువని యుద్ధంలో వద్దన్న తూటానే, జంతువుకు బాధ తక్కువని వేటలో వాడమంటున్నారు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో జింకను వేటాడాలంటే విచ్చుకునే తూటానే వాడాలన్న నిబంధన ఉంది!

మరి మన దగ్గర?

గురజాల నుంచి మాచర్ల దాటితే నల్లమల మొదలవుతుంది. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి అది. చుక్కల దుప్పులు, కణుజులు అక్కడి పులికి ఆహారం. అవి తగ్గితే పులి చూపు ఊళ్లలోని పశువుల మీద పడుతుంది. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక కూడా లైసెన్సుతో కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. ‘అడవి మాంసం’ అని ఎవరో తెచ్చిస్తే కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే.

దొంగచాటు వేటగాళ్ల చేతిలో ఉండేది ఎక్కువగా నాటు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు, గుళ్లు దట్టించి కాల్చేది. దట్టించిన మందును బట్టి ఒక్కో దెబ్బకు ఒక్కో వేగం. గుళ్లు ఎటు చెదురుతాయో కాల్చినవాడికే తెలియదు. పైగా చీకట్లో గురి! దుప్పి అక్కడికక్కడే పడటం అదృష్టం మీద ఆధారపడిన సంగతి. గాయపడి పారిపోయిన దుప్పి వెనక చీకట్లో ఎవరు వెళతారు? అది ఏ వాగు పక్కనో పడిపోతే ఏ లెక్కలోకీ రాదు.

ఈసారి మనవడు ఫోన్ చేసి వేట ముచ్చట ఎత్తితే తాతయ్య ఒక్కమాట చెప్పొచ్చు. అక్కడ తూటా ఎలా విచ్చుకోవాలో నిబంధనలు రాసుకున్నారు. మన అడవిలో అంత లెక్క అక్కర్లేదు. దుప్పిని బాధపెట్టని తూటా ఇక్కడ ఒక్కటే... కాల్చనిది!