మంచులో బండ్ల బాట పరుగు

ఎల్లారెడ్డి: పుష్యమాసం వచ్చిందంటే కామారెడ్డి - ఎల్లారెడ్డి రోడ్డు తెల్లవారుజామున కనిపించదు. చెరువుల మీద లేచిన పొగమంచు నారుమళ్లు దాటి వచ్చి టేకు చెట్ల నడుమ నిలిచిపోతుంది. ముసలివాళ్లు గొంగడి కప్పుకుని చలిమంట దగ్గర కూర్చునే ఆ వేళలో పడుచువాళ్లు పరుగుకు బయలుదేరుతారు. కొందరి కాళ్లకు బూట్లు ఉంటాయి, కొందరికి అవీ ఉండవు.

ఇది సరదా పరుగు కాదు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోరేవారికి తొలి రాతపరీక్ష గట్టెక్కగానే ఎదురయ్యే గండం ఇదే. 2022 నాటి నియామకాలలో మగవారు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించవలసి వచ్చింది. ఆ గీటు దాటలేని వారికి పుస్తకాలతో గడిపిన ఏడాది వృథా అయినట్లే. ఫారెస్టు బీట్ ఆఫీసరు ఉద్యోగానికైతే నడక పరీక్ష: నాలుగు గంటలలో మగవారు 25, ఆడవారు 16 కిలోమీటర్లు నడవాలి.

పరీక్ష సరే, పరుగెత్తే చోటు ఏది? కామారెడ్డి వైపు వారికి 44వ నంబరు జాతీయ రహదారి ఉన్నది గాని, మంచులో లారీ డ్రైవరుకు మనిషి కనిపించేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. చెరువు కట్టలు ఇరుకు. అందుకే అడవి అంచున బండ్ల బాటలే చాలామందికి దిక్కు. తారు రోడ్డు కంటె మట్టి బాట మోకాళ్లకు మేలు కూడా.

అయితే ఈ బాటకూ ఒక కిటుకు ఉన్నది. చలికాలంలో రాలిన టేకాకు బాటను కప్పివేస్తుంది. దాని కింద రాయి ఉన్నదో, వేరు ఉన్నదో తెలియదు. మంచుకు తడిసిన ఆకు మీద కాలు జారుతుంది. చలిదేశాలలో హిమం కురిసిన పార్కులలో, చెట్ల మధ్య కాలిబాటల మీద పరుగెత్తేవారికి ఉండే తిప్పలు కూడా ఇవే. అక్కడ తెల్లటి హిమం, ఇక్కడ ఎర్రటి ఆకు. ఆ రకం పరుగును ప్రపంచ అథ్లెటిక్ సమాఖ్య 2015లో క్రీడగా గుర్తించింది. అక్కడివారు పాటించే పద్ధతి మనకూ పనికి వస్తుంది: అంగలు చిన్నవిగా వేయాలి, చూపు నాలుగు గజాల ముందు ఉండాలి, మొదటి పది నిమిషాలు నడకతో ఒళ్లు వేడి చేసుకోవాలి.

మంచు మాట వచ్చింది గనుక తాడ్వాయిని తలచుకోక తప్పదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఇక్కడి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చి, డార్జిలింగులో, ఆపై చలికాలపు లడఖ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు నిండా పద్నాలుగేళ్లు లేవు. హిమం కురవని నేల మీది పిల్ల అంత ఎత్తుకు పోగలిగిందంటే, నేర్పేవారు, చోటు చూపేవారు దొరికినందువల్లనే.

ఎల్లారెడ్డి వైపు అడవికి మరొక చిక్కు ఉన్నది. నాగిరెడ్డిపేట దగ్గర పోచారం అడవి 1952 నుంచి అభయారణ్యం. అందులోకి ఇష్టం వచ్చినట్లు వెళ్లడానికి వీలు లేదు. వెలుపలి బాటల మీద కూడా రేగుపండ్ల కాలంలో ఎలుగుబంటి భయం తప్పదు. దానికి చూపు తక్కువ, ఉన్నట్టుండి మనిషి ఎదురుపడితే మీద పడుతుంది. ఒంటరిగా, చడీచప్పుడు లేకుండా చీకట్లో పరుగెత్తడం మంచిది కాదు. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, తూర్పు తెల్లబడినాక పోవడమే మేలు.

దీనికి ఉపాయం మండలాలలోనే ఉన్నది. ఊరూరా వేసిన పల్లె ప్రకృతి వనాలు చిన్నవి. ఎకరం వనం చుట్టూ తిరిగితే 250 మీటర్లు మాత్రమే, 1600 మీటర్లకు ఆరు చుట్లు దాటి తిరగాలి. మలుపులతోనే ఊపిరి పోతుంది. కాని 2021లో మండలాల వారీగా పదేసి ఎకరాలలో బృహత్ పల్లె ప్రకృతి వనాలు తలపెట్టారు. పది ఎకరాలు చదరంగా ఉన్నదనుకుంటే చుట్టుకొలత 800 మీటర్ల పైచిలుకు. అంటే ఒక చుట్టు ఆడపిల్లల పరీక్ష, రెండు చుట్లు మగపిల్లల పరీక్ష! కొలిచి చేసినట్లే ఉన్నది లెక్క.

భూమి అంతటా చదరంగా దొరకదు. దొరికినంత మేర చుట్టూ పొదలు కొట్టి, మొరం పరచి, వంద మీటర్లకొక సున్నం పూసిన రాయి పాతితే చాలు. ఆడపిల్లలకు తెల్లవారుజామున ఒక దీపం, గేటు దగ్గర ఒక మనిషి కూడా అవసరం. మండల అధికారులు ఈ పని వచ్చే చలికాలం లోపల చేయించాలి. నోటిఫికేషన్ పడిన తరువాత దారి వేస్తే అప్పటికి పరుగు నేర్చుకునే వ్యవధి ఉండదు.