రెండు నీళ్ల నడుమ పచ్చగీత

బ్రిటన్‌కూ ఐర్లాండ్‌కూ నడుమనున్న ఐరిష్ సముద్రం పైకి ఒక్కటిగానే కనిపిస్తుంది. వేసవిలో ఉపగ్రహం దాని ఉష్ణోగ్రత కొలిస్తే మాత్రం రెండు రకాల నీళ్లు బయటపడతాయి. ఒకవైపు, ఎండకు వెచ్చబడిన నీరు చల్లటి నీటి మీద పొరలా నిలుస్తుంది. మరోవైపు, ఆటుపోట్ల ధాటికి అడుగు నుంచి పైదాకా అంతా కలిసిపోయి చల్లగా ఉంటుంది. ఆ రెండింటి సరిహద్దే ఫ్రంట్. అది ఎక్కడ ఏర్పడుతుందో సముద్ర శాస్త్రవేత్తలు జాన్ సింప్సన్, జాన్ హంటర్ 1974లో చిన్న లెక్కతో తేల్చారు: నీటి లోతును ప్రవాహ వేగపు ఘనంతో భాగించాలి. అంటే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్ల లోతునైనా పోటు కలియబెట్టేస్తుంది!

మొక్కల్లాగే ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు వృక్షప్లవకాలు. వాటికి వెలుతురూ కావాలి, నైట్రేట్ లాంటి పోషకాలూ కావాలి. వెచ్చటి వైపు పోషకాలు వసంతంలోనే అయిపోతాయి. చల్లటి వైపు పోషకాలున్నా, సుడులు తిరిగే నీరు ప్లవకాలను మాటిమాటికీ చీకట్లోకి లాక్కుపోతుంది. రెండూ కలిసొచ్చేది సరిహద్దులోనే. అమావాస్య, పౌర్ణమి పోట్లు అడుగునున్న పోషకాలను పైకి తెస్తే, అష్టమి ప్రాంతంలో నీరు నెమ్మదించి ప్లవకాలు పుంజుకుంటాయి.

అయితే పచ్చదనం కనిపించిందని అక్కడే పెరిగిందనుకోవడం తొందరపాటు. చాలా ఫ్రంట్ల వద్ద రెండు వైపుల నీరూ ఎదురెదురుగా వచ్చి కిందికి దిగుతుంది. తేలేవీ, పైకి ఈదగలిగేవీ మాత్రం చీపురుతో ఊడ్చినట్టు గీత మీద పోగవుతాయి. నురగ, నాచు కూడా అక్కడికే చేరతాయి. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది: ప్లవకాలు జోరుగా పెరుగుతున్నా, జంతుప్లవకాలు అంతే జోరుగా మేసేస్తే నీటిలో మిగిలేది కొంచెమే. ఉపగ్రహం చూసేది పత్రహరితం రంగును, అంటే నిల్వను. పెరుగుదల వేగం తెలియాలంటే ఓడ మీద నీళ్లు తోడి, సీసాల్లో కార్బన్-14 కలిపి, ప్లవకాలు ఎంత కార్బన్ పీల్చుకున్నాయో కొలవడం ఒక మార్గం. 1952లో శాస్త్రవేత్త స్టీమన్ నీల్సన్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

అర్జెంటీనా తీరానికి దూరంగా, మాల్వినాస్ చల్లటి ప్రవాహం ఖండపు అంచును ఒరుసుకుంటూ పోయే చోట ఇలాంటి పచ్చగీత వందల కిలోమీటర్లు సాగుతుంది. ఆ ప్రాంతంలో స్క్విడ్‌లను పట్టే పడవల దీపాలు రాత్రిళ్లు అంతరిక్షం నుంచీ కనిపిస్తాయి. మన మత్స్యకారులకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సూచనలకూ ఆధారం ఉపగ్రహాలు పసిగట్టే ఉష్ణోగ్రత తేడాలు, పత్రహరితమే. మబ్బు కమ్మితే ఆ కొలతలు అందవు.