భాగం 9: ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో సహాయార్థి, కౌన్సెలర్ సంబంధం

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఆన్‌లైన్ కౌన్సెలింగ్ రూపాలను వివరించగలుగుతారు.
• కౌన్సెలింగ్ ఫలించడంలో సహాయార్థి పాత్రను విశ్లేషించగలుగుతారు.
• కౌన్సెలర్ అర్హత, గోప్యత, అత్యవసర ఏర్పాట్ల గురించి అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

ముఖాముఖి కౌన్సెలింగ్ దశలను ముందటి భాగంలో చదివారు. అవే దశలు ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో ఎలా నడుస్తాయో ఇప్పుడు తెలుసుకుందాం. సహాయం కోరి వచ్చే వ్యక్తిని ఇక్కడ 'సహాయార్థి' అంటున్నాం. కౌన్సెలర్ గదికి వెళ్లినప్పుడు తలుపు వేసే బాధ్యత కౌన్సెలర్‌ది. ఆన్‌లైన్‌లో ఆ తలుపు సహాయార్థి ఇంట్లో ఉంటుంది. మిగిలిన తేడాలు చాలావరకు ఈ మార్పు నుంచే వస్తాయి.

9.2 రూపాలు

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ముఖ్యంగా మూడు రూపాల్లో జరుగుతుంది.

వీడియో: ముఖకవళికలు కనిపిస్తాయి. అయితే చేతులు నలుపుకోవడం, కాళ్లు ఆడించడం వంటివి తెర మీదికి రావు.

ఫోన్: గొంతు ఒక్కటే ఆధారం. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లలో ఇదే అనువైనది.

సందేశాలు: నోరు విప్పి చెప్పడానికి జంకేవారికి సౌకర్యంగా ఉంటుంది. కానీ జవాబు ఆగిపోతే అవతలివారు బాధలో ఉన్నారో, సిగ్నల్ పోయిందో కౌన్సెలర్‌కు తెలియదు.

9.3 కలిసి పనిచేయడం అంటే ఏమిటి?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో కౌన్సెలింగ్ సంబంధంలో మూడు అంశాలను గుర్తించారు. మొదటిది, ఏం సాధించాలన్న లక్ష్యంపై ఇద్దరికీ అంగీకారం. రెండవది, దానికోసం చేయవలసిన పనులపై అంగీకారం. మూడవది, ఇద్దరి మధ్య నమ్మకంతో కూడిన అనుబంధం. ఈ మూడూ ఆన్‌లైన్‌లోనూ అవసరమే. ఎదురుగా కూర్చున్నప్పుడు చూపులోనే తెలిసిపోయే విషయాలను ఇక్కడ మాటల్లో చెప్పాలి.

ఉదాహరణకు, పగలు బట్టల దుకాణంలో పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న విద్యార్థిని ఒకరు ఉన్నారనుకుందాం. పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఆమెకు నిద్ర పట్టడం లేదు. రెండు గదుల ఇంట్లో రాత్రిపూట వీడియో కౌన్సెలింగ్‌కు కూర్చుంటుంది. ఏది అడిగినా "బాగానే ఉందండి" అంటుంది. కౌన్సెలర్ దీన్ని అయిష్టత అనుకుంటే పొరపాటే. పక్క గదిలో అత్తగారు మేలుకుని ఉన్నారు. "మీరిప్పుడు ఎక్కడ కూర్చున్నారు? మన మాటలు ఎవరికైనా వినిపిస్తాయా?" అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. అప్పుడు భోజన విరామంలో, దుకాణం మేడపై నుంచి ఫోన్‌లో మాట్లాడేలా సమయం మార్చుకోవచ్చు. ఎవరైనా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు పదం పెట్టుకోవచ్చు.

ఇక్కడ సహాయార్థి చేయగలిగినది కూడా ఉంది. "ఇప్పుడు మాట్లాడలేను", "మీరు చెప్పింది నాకు నప్పలేదు" అని చెప్పడం అమర్యాద కాదు, కౌన్సెలింగ్‌లో భాగమే. చెప్పకుండా మానేస్తే తన పద్ధతి మార్చుకునే అవకాశం కౌన్సెలర్‌కు దొరకదు.

9.4 అర్హత, గోప్యత

మనోరోగ వైద్యులు వైద్యవిద్య చదివినవారు, మందులు రాస్తారు. కౌన్సెలర్లు మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. కాబట్టి చదువు, నమోదు, అనుభవం గురించి మొదటి సమావేశంలోనే అడగవచ్చు. రుసుము ఎంత, కాల్ మధ్యలో తెగితే ఎవరు తిరిగి చేయాలి, సంభాషణ రికార్డు అవుతుందా అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి గోప్యత హక్కు కల్పించింది. ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపంలో నిల్వ చేసిన సమాచారానికీ ఈ హక్కు వర్తిస్తుందని 24వ సెక్షన్ చెబుతుంది. అయితే ఈ హక్కుకు మినహాయింపులు ఉన్నాయి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగకుండా కాపాడవలసినప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు అవసరమైన మేరకు సమాచారం వెల్లడించవచ్చు.

9.5 పరిమితులు

ఆపద సమయంలో ఆన్‌లైన్ కౌన్సెలర్ వెంటనే పక్కకు రాలేరు. అందుకే చాలామంది కౌన్సెలర్లు సహాయార్థి ఉన్న చోటు చిరునామా, దగ్గరివారిలో ఒకరి ఫోన్ నంబరు ముందుగా తీసుకుంటారు. ఇది ఆరా తీయడం కాదు, రక్షణ ఏర్పాటు. ఆత్మహత్య ఆలోచనలు, ఇంట్లో హింస, ఇతరులకు వినపడని మాటలు వినిపించడం వంటివి ఉంటే ఆన్‌లైన్ సమావేశం కోసం ఎదురుచూస్తూ ఉండకూడదు, నేరుగా సహాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, 24 గంటలూ, తెలుగులో కూడా అందుబాటులో ఉంది.

9.6 సారాంశం

ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో మాధ్యమం మారినా లక్ష్యం, పని, అనుబంధం అనే మూడు అంశాల అవసరం మారదు. ఏకాంతాన్ని సమకూర్చుకోవడంలో, ఇబ్బందిని మాటల్లో చెప్పడంలో సహాయార్థి బాధ్యత పెరుగుతుంది. చెప్పని వాటిని అడిగి తెలుసుకోవడంలో కౌన్సెలర్ బాధ్యత కూడా అంతే పెరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బోర్డిన్ గుర్తించిన మూడు అంశాలు ఏవి?
2. గోప్యత హక్కుకు గల మినహాయింపులను పేర్కొనండి.
3. పై ఉదాహరణలోని విద్యార్థినికి మేడపై కూడా ఏకాంతం దొరకకపోతే మీరు ఏ ఏర్పాటు సూచిస్తారు? కారణాలతో రాయండి.