చేతికి తగ్గ డయాబొలో

ఢమరుకం ఆకారంలో ఒక రబ్బరు వస్తువు, రెండు పుల్లలు, ఆ పుల్లల కొసలను కలుపుతూ ఒక దారం. డయాబొలో ఆటకు కావలసిన సరంజామా ఇంతే. ఆడేవాళ్లది తిరిగిన చెయ్యి అయితే అది దారం మీద గిర్రున తిరుగుతుంది, కాలి చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది, మేడ ఎత్తుకు ఎగిరి మళ్లీ అదే దారం మీద వాలుతుంది. చూసిన పిల్లలు అక్కడికక్కడే కొనిపెట్టమంటారు. పెద్దవాళ్లకూ మనసు లాగుతుంది. తీరా కొనబోతే లెక్కలేనన్ని రకాలు. చిన్నవి, పెద్దవి, బేరింగ్ ఉన్నవి, లేనివి, లైటు వెలిగేవి, కార్బన్ పుల్లలతో వచ్చేవి. ధరలకు కూడా ఒకదానికొకటి పొంతన ఉండదు.

ఆ తికమకలో కొందరు అన్నిటికన్నా చవకది తెచ్చుకుంటారు. ఇంకొందరు వీడియోలో నిపుణుడి చేతిలో ఉన్నదే కావాలంటారు. రెండు దారులూ చాలాసార్లు అటక మీదికే పోతాయి. ఈ ఆటను మధ్యలో మానేసేవారిలో ఎక్కువమంది తమకు చేతకాలేదనే అనుకుంటారు. చాలాసార్లు లోపం చేతిలో ఉండదు, చేతికి తగని వస్తువులో ఉంటుంది. అందుకే ఏ దశలో ఏది కొనాలో కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరం.

ఈ ఆట పుట్టిల్లు చైనా. అక్కడి పాత రకం పేరు కోంగ్‌జూ. వెదురుతో చేసే దాని డొల్ల చక్రాలకు చిన్న చిన్న గంట్లు ఉంటాయి. వేగంగా తిప్పితే వాటిలోకి గాలి దూరి ఈల వేసినట్టు మోగుతుంది. 2006లో చైనా ప్రభుత్వం ఈ ఆటను తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 18వ శతాబ్దం చివర ఇది ఐరోపా చేరింది. 1812 ప్రాంతంలో ఫ్రాన్సులో పిచ్చిగా ఆడారు, తర్వాత మరుగున పడింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో గుస్తావ్ ఫిలిప్పార్ అనే ఇంజినీరు డయాబొలోకు రెండు పక్కలా ఉండే కప్పుల అంచుకు రబ్బరు తొడిగి కింద పడినా దెబ్బతినని రకాన్ని తయారుచేశాడు. దాంతో 1907 నాటికి పారిస్, లండన్ మళ్లీ ఈ ఆటలో మునిగిపోయాయి. 1996లో సర్కస్ సంస్థ సర్క్ ద్యు సొలేయ్ ‘కిడామ్’ ప్రదర్శనలో చైనా బాలికలు ఆడిన డయాబొలో ప్రపంచమంతా తిరిగింది. ఇవాళ తైవాన్‌లో చాలా బడుల్లో పిల్లలు దీన్ని పద్ధతిగా నేర్చుకుంటున్నారు.

మొదటిది ఎంత బరువుండాలి?

కొత్తవారికి ఎదురయ్యే మొదటి కష్టం తిప్పడం కాదు, నిలకడ. తిరుగుతున్న డయాబొలో ఒక పక్కకు ఒరుగుతుంది. మన వైపు ఉన్న కప్పు కిందికి దిగితే కుడిచేతి పుల్లను కొంచెం ముందుకు నెట్టాలి. అవతలి కప్పు దిగితే అదే పుల్లను మన వైపు లాక్కోవాలి. కుడిచేతి వాటం ఉన్నవారికి ఇదీ సూత్రం. వినడానికి తేలికే. చెయ్యడానికి మాత్రం ఆలోచించుకునేంత సమయం కావాలి. ఆ సమయాన్ని ఇచ్చేది బరువు. అంచుల్లో బరువున్న డయాబొలో తిరుగుతున్నప్పుడు త్వరగా ఒరగదు, ఒరిగినా నెమ్మదిగా ఒరుగుతుంది. దూదిలా తేలికైనది రెప్పపాటులో అడ్డం తిరిగిపోతుంది. బొమ్మల విభాగంలో అమ్మే చిన్నచిన్న గట్టి ప్లాస్టిక్ రకాలతో నేర్చుకోవడం అందుకే అంత కష్టం. అవి పిల్లల కోసమని చెప్పి అమ్ముతారు. నిజానికి వాటిని లొంగదీయాలంటే చెయ్యి బాగా తిరిగి ఉండాలి.

పన్నెండేళ్లు దాటినవారికీ పెద్దవారికీ సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం, 230 నుంచి 270 గ్రాముల బరువు ఉన్న రబ్బరు రకం సరిపోతుంది. అంతకన్నా చిన్నపిల్లలకు 10 సెంటీమీటర్ల దగ్గరగా, 200 గ్రాముల లోపు ఉన్నది చాలు. వారి భుజాలు అంతకుమించి మోయలేవు. పైనుంచి జారి నెత్తిన పడితే దెబ్బ తగలకూడదు కూడా. కప్పును వేళ్లతో నొక్కి చూడండి, కొంచెం లొంగాలి. గట్టి ప్లాస్టిక్ సిమెంటు నేల మీద నాలుగుసార్లు పడితే పగులుతుంది. మరీ మెత్తనిది వేగంగా తిరిగినప్పుడు రూపం నిలుపుకోదు. ఈ రెండింటి నడుమ ఉన్నదాన్ని ఎంచుకోండి.

అసలు పేచీ ఇరుసు దగ్గర

రెండు కప్పుల మధ్య దారం ఆనే చోటు ఇరుసు. ఆడేవాళ్ల మధ్య వాదోపవాదాలు ఎక్కువగా జరిగేది దీని గురించే. స్థిరమైన ఇరుసు కప్పులకు బిగిసి ఉంటుంది, అవి తిరిగితే అదీ తిరుగుతుంది. దారం దానిమీద రాసుకుంటూ ఉంటుంది కనుక ప్రతి క్షణం కొంత వేగం తగ్గుతూ పోతుంది. ఆడేవారు కుడిచేత్తో లాగుతూ ఆ వేగాన్ని నింపుతూనే ఉండాలి.

వన్‌వే బేరింగ్ రకం వేరు. సైకిల్ తొక్కడం ఆపినా వెనక చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ ఫ్రీవీల్ ఏర్పాటే దీని ఇరుసులోనూ ఉంటుంది. చాలావాటిలో మధ్యన ఒకవైపే పట్టే బేరింగ్, దానికి అటూఇటూ రెండు మామూలు బేరింగులు అమరుస్తారు. దారం లాగినప్పుడు ఇరుసు కప్పులను పట్టుకుని తిప్పుతుంది. లాగడం ఆపితే ఇరుసు ఆగుతుంది, కప్పులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. దారాన్ని ఇరుసు చుట్టూ ఒక చుట్టు చుట్టి లాగితే చాలు, క్షణాల్లో వేగం అందుకుంటుంది. ఆ వేగం చాలాసేపు నిలుస్తుంది.

అలాంటప్పుడు మొదటే బేరింగ్ కొనేస్తే పోలేదా? ఈ ప్రశ్నకు అనుభవజ్ఞులు ఒకే మాట చెప్పరు. బేరింగ్‌తోనే మొదలుపెట్టి చక్కగా ఆడే పిల్లలూ ఉన్నారు. నా అభిప్రాయం మాత్రం స్థిరమైన ఇరుసు వైపే. వేగం ఎప్పుడు తగ్గుతోంది, దారం ఎంత బిగువుగా ఉండాలి, ఏ చెయ్యి పని చేయాలి, ఏ చెయ్యి వెంట నడవాలి అన్నది చేతికి తెలిసేది ఆ ఒరిపిడి వల్లనే. బేరింగ్ ఆ లోటుపాట్లను కప్పిపుచ్చుతుంది. చుట్టు చుట్టి లాగడం ఒక్కటి వస్తే వేగం వచ్చేస్తుంది కనుక కుడిచేతి లయ కుదరకుండానే పెద్ద విద్యల మీదికి మనసు పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నిలువుగా బిగించిన దారాన్ని పట్టుకుని డయాబొలో తనంతట తానే పైకి ఎగబాకే ‘ఎలివేటర్’ చూసేవారిని బాగా మురిపిస్తుంది. దానికి స్థిరమైన ఇరుసు పట్టు కావాలి. బేరింగ్ దగ్గర ఆ పట్టు సడలుతుంది.

ఎగరేసి పట్టడం, కాలి మీదుగా దూకించడం, దారంతో చిన్నచిన్న ముడులు వేసి విప్పడం తడబడకుండా వచ్చాక బేరింగ్‌కు మారడం మంచిది. అప్పుడు దాని విలువ కూడా తెలుస్తుంది. ముఖ్యంగా ‘వెర్టాక్స్’ మీద మోజు ఉన్నవారికి. ఇందులో డయాబొలో ఇరుసు నిట్టనిలువుగా నిలుస్తుంది, కప్పులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఆడేవారు దానితోపాటు చుట్టూ తిరుగుతారు. ఈ విద్యలో వేగం నిలవడమే ప్రాణం. బేరింగ్ ఉంటే నేర్చుకునే రోజులు తగ్గుతాయి.

బేరింగ్ రకం కొన్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దానికి ముందువెనకలు ఉంటాయి. తిరగేసి దారం మీద పెడితే ఎంత లాగినా వేగం రాదు, బేరింగ్ జారిపోతుంటుంది. పాడైపోయిందని చాలామంది వెనక్కి పంపేస్తారు. పంపేముందు ఒకసారి తిప్పి పెట్టి చూడండి. ఎడమచేతి వాటం వారు కుడిచేతి వారికి ఎదురు దిశలో పెట్టుకుంటే సరిపోతుంది, వారికోసం వేరే రకం వెతకాల్సిన పనిలేదు. మరో జాగ్రత్త, ఇసుకా ఎర్రమట్టీ బేరింగ్‌కు శత్రువులు. మన ఊళ్లలో బడి మైదానాలు ఎక్కువగా మట్టివే. అక్కడ ఆడేవారికి స్థిరమైన ఇరుసే నమ్మకం. బేరింగ్‌దాన్ని గచ్చు మీదో, ఆడిటోరియంలోనో ఆడుకోండి.

దారాన్ని చిన్నచూపు చూడకండి

కొత్తవారు డయాబొలోకు డబ్బు పెట్టినంత ఉదారంగా దారానికి పెట్టరు. నన్నడిగితే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీనిమీదే. గట్టిగా అల్లిన సన్నటి పాలిస్టర్ దారం మేలు. పురి తిప్పిన నూలుదారం నాలుగు రోజుల్లో నూగు లేచి ఇరుసుకు చుట్టుకుంటుంది. ఇక పొడవు. ఒక కొసను పాదం కింద తొక్కిపట్టి రెండో కొసను పైకి లాగితే ఛాతీ దాకా రావాలి, మొదట్లో అది చాలు. అంతకన్నా పొడవైతే చేతులు చాచినా దారం బిగియదు, ఎగరేసినది వాలే చోటు తెలియదు. ఎత్తుగా ఎగరేయడం, పెద్ద వలయాలు తిప్పడం వచ్చాక గడ్డం దాకా పెంచుకోవచ్చు. దారం మధ్యలో నల్లబడి నూగు లేస్తే ఇక మార్చాలి, తెగేదాకా ఆగకండి. పాత దారం మీద ఆడుతూ నాకు రావడం లేదని బాధపడేవారికి కొత్త దారం కట్టి చూస్తే ఒక్కపూటలో తేడా తెలుస్తుంది. అందుకే మొదటిసారి కొనేటప్పుడే పది మీటర్ల చుట్ట ఒకటి కలిపి తెప్పించుకోండి.

పుల్లల విషయంలో మొదట్లో పెద్ద పట్టింపు అక్కర్లేదు. 30 సెంటీమీటర్లకు కొంచెం పైగా ఉన్న చెక్కవి చాలు. అల్యూమినియంవి ఎక్కువ కాలం మన్నుతాయి, తిరుగుతున్న డయాబొలోను పుల్ల మీదే నిలబెట్టే విద్యకు వాటి నునుపు కలిసొస్తుంది. ఫైబర్‌గ్లాస్, కార్బన్ పుల్లలు తేలిక. పుల్లను గాలిలోకి విసిరి పట్టేవారికి, గంటల తరబడి సాధన చేసేవారికి ఆ తేలికతనం మణికట్టును కాపాడుతుంది. కార్బన్‌కు ఖరీదెక్కువ, గట్టి దెబ్బ తగిలితే బీటలిస్తుంది. మొదటి ఏడాదిలో వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

ఒకే దారం మీద రెండు, మూడు తిప్పాలనుకునేవారు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఒకటుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి, ఒకే అరుగుదలతో ఉండాలి. ఏడాది ఆడిన పాతదాని పక్కన కొత్తది తిప్పితే బరువులోనూ ఇరుసు పట్టులోనూ తేడా వచ్చి రెండూ గుద్దుకుంటాయి. ఆ ఉద్దేశం ఉంటే రెండూ కలిపి ఒకేసారి కొనండి. జర్మనీ కంపెనీ హెన్రీస్, స్విట్జర్లాండ్ కంపెనీ మిస్టర్ బబాష్, తైవాన్ కంపెనీ సండియా ఈ ఆట సామగ్రికి పేరున్నవి. తొలి డయాబొలో ఆ పేర్లలోదే కావాలన్న నియమం మాత్రం లేదు.

కొన్నాక ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. విప్పదీసేందుకు వీలున్న రకమైతే రెండు కప్పులనూ వేరుచేసి వంటింటి త్రాసు మీద తూచండి. నాలుగైదు గ్రాములకు మించి తేడా ఉంటే అది ఎప్పుడూ ఒకవైపే ఒరుగుతుంది, ఎంత నేర్పరి అయినా దాన్ని సరిచేస్తూనే ఉండాలి. బిగించాక దారం మీద తిప్పి అంచులను పక్కనుంచి గమనించండి, అంచు ఊగుతూ కనిపిస్తే ఇరుసు సూటిగా లేదన్నమాట. అలాంటిదాన్ని మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి. ఎండాకాలంలో మూసిన కారులో వదిలేయకండి, ఆ వేడికి రబ్బరు కప్పు వంకర తిరుగుతుంది. ఆడే చోట తలపైన కరెంటు తీగలు, ఫ్యాన్లు లేకుండా చూసుకోండి.

మీ పిల్లలో మీరో ఇప్పుడే మొదలుపెడుతుంటే వయసుకు తగ్గ కొలతలో రబ్బరు డయాబొలో, స్థిరమైన ఇరుసు, చెక్క పుల్లలు, అదనపు దారం తెచ్చుకోండి. బేరింగ్ కోసం దాచిన డబ్బు ఆరు నెలలు అలాగే ఉంచండి. ఆరు నెలల తర్వాతా రోజూ ఆడుతుంటే మీకు ఏది కావాలో అంగడివారికన్నా మీ చేతులకే బాగా తెలుస్తుంది.