పాత స్పీకరులును తీగలేని సంగీతమును

ఇటీవలి కాలమున గృహములలో పాటలు వినుటకు తీగలేని యంత్రములు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. చేతిలోని ఫోనుపై నొక పాట పేరును తాకినంతనే గదిలో ఆ పాట వినబడుచున్నది. ఈ సౌకర్యమును చూచి, పెద్దలు ఎన్నో యేండ్ల క్రిందట సొమ్ము కూడబెట్టి కొనిన మంచి స్పీకరులను పాతసామానుల వానికి తూకమునకు ఇచ్చివేయువారు పలువురు కలరు. ఇది యనవసరమైన నష్టమని మా యభిప్రాయము. ఆ స్పీకరులను, వానితోడి సబ్‌వూఫరును క్రొత్త యేర్పాటులో నెట్లు కలుపవచ్చునో మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు ఇచ్చట వివరింపదలచితిమి.

గాలిగుండ వచ్చునది పాటయొక్క సందేశము మాత్రమే గాని స్పీకరును కదలించు శక్తి కాదని మొదట గ్రహింపవలెను. ఏ సంగీతయంత్రమునందైనను మూడు పనులు జరుగవలెను. మొదటిది, వై-ఫై లేక బ్లూటూతు ద్వారా వచ్చిన సందేశమును స్వీకరించి విద్యుత్తరంగముగా మార్చుట. రెండవది, బలహీనమైన ఆ తరంగమును ఆంప్లిఫైయరుచేత బలపఱచుట. మూడవది, బలపడిన విద్యుత్తును స్పీకరులో అయస్కాంతము నడుమనున్న తీగచుట్టకు పంపి, దాని కంటియున్న కాగితపు శంకువును ఆడించి, గాలిని కదలించుట. వీనిలో తీగ లేకుండ జరుగునది మొదటి పని యొక్కటే. తక్కిన రెంటికిని విద్యుత్తు కావలసియే యుండును.

ఈ మూడు భాగముల ఆయుర్దాయము సమానము కాదు. చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను అమెరికా దేశపు ఇంజనీరులు 1925లో ప్రకటించిన తీగచుట్ట పద్ధతియే నేటి స్పీకరులలో పెక్కింటికి నాధారము. చక్కగా కాపాడిన స్పీకరు పదుల యేండ్లు పాడగలదు. సందేశమును స్వీకరించు పెట్టె యన్ననో కంప్యూటరు జాతికి చెందినది. సోనోస్ అను అమెరికా కంపెనీ, తన పాత యంత్రములలో కొన్నింటికి మే నెలనుండి క్రొత్త సాఫ్ట్‌వేరు మార్పులు ఇయ్యబడవని 2020 జనవరిలో ప్రకటించెను. ఆ యంత్రములు పాడుట మానలేదు గాని, క్రొత్త సౌకర్యములకు దూరమైనవి. కావున త్వరగా పాతబడు భాగమును, నిదానముగా పాతబడు భాగమును వేఱువేఱుగా నుంచుకొనుట మేలు. అప్పుడు స్వీకరించు పెట్టె పాతబడినను దాని నొక్కదానినే మార్చుకొని స్పీకరులను నిలుపుకొనవచ్చును.

ఇక మన స్పీకరు ఏ తరగతిదో కనుగొందము. వెనుకవైపున ఎఱుపు, నలుపు రంగుల రెండు కొనలు మాత్రమే యుండి, కరెంటు తీగ లేనిచో నది సొంత ఆంప్లిఫైయరు లేని స్పీకరు. ఇంట పాత ఆంప్లిఫైయరు ఉన్నచో, స్వీకరించు చిన్న పెట్టెను మాత్రము కొని, దానిని ఆంప్లిఫైయరుయొక్క ఆక్స్ ద్వారమునకు తగిలించిన చాలును. అది లేనిచో, స్వీకరించుటయు బలపఱచుటయు ఒక్కచోటనే చేయు యంత్రమును కొనవలెను. 2018లో ప్రకటింపబడిన సోనోస్ ఆంప్ ఇట్టిది. ఇది 8 ఓముల వద్ద ఒక్కొక్క ప్రక్కకు 125 వాటుల శక్తి నియ్యగలదు. స్పీకరునకే కరెంటు తీగ యున్నచో ఆంప్లిఫైయరు దాని లోపలనే యుండును. దానికి స్వీకరించు పెట్టె చాలును. ఆంప్లిఫైయరునుండి వచ్చు బలమైన విద్యుత్తును దాని లైన్ ద్వారమునకు ఎన్నడును ఇయ్యరాదు.

తరువాత ఓముల లెక్క చూడవలెను. ఇది మన పై తరగతుల విద్యార్థులు నేర్చిన ఓమ్ సూత్రమే. 10 వోల్టులవద్ద 8 ఓముల స్పీకరు 1.25 ఆంపియరుల విద్యుత్తును లాగికొనును. అట్టివి రెండు ఒకే కొనలకు సమాంతరముగా కలిపినచో 4 ఓములై, 2.5 ఆంపియరులు ప్రవహించును. నాలుగు కలిపినచో 2 ఓములై, 5 ఆంపియరులగును. ఉన్న స్పీకరులన్నిటిని ఒకే ఆంప్లిఫైయరునకు తగిలించు ఉత్సాహమే అనేక యంత్రములు వేడెక్కి చెడుటకు కారణము. యంత్రము ఎన్ని ఓములవఱకు తాళునో దాని వెనుకనో పుస్తకములోనో వ్రాసియుండును. ఆ సంఖ్యకు దిగువకు పోరాదు.

సబ్‌వూఫరు తగ్గుస్థాయి ధ్వనులకు మాత్రమే ఏర్పడినది. సాధారణముగా 80 హెర్ట్జులకు దిగువనున్న ధ్వనులను దానికి అప్పగింతురు. 80 హెర్ట్జుల తరంగము పొడవు గాలిలో సుమారు 4.3 మీటరులు. అంత పొడవైన తరంగము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మన చెవి సులభముగా పోల్చుకొనజాలదు. అందుచేత సబ్‌వూఫరును గదిలో అనుకూలమైన చోట పెట్టవచ్చును. అయితే మూలను పెట్టినచో మ్రోత హెచ్చగును. క్రొత్త యంత్రమునకు సబ్‌వూఫరు ద్వారమున్నచో ఒక తీగతో కలిపి, ధ్వనుల విభజనను ఆ యంత్రమునందే నియమించి, సబ్‌వూఫరుమీది క్రాసోవరు మీటను చివరివఱకు త్రిప్పి యుంచవలెను. లేనిచో ఒకే ధ్వనిని రెండుమాఱులు వడపోసినట్లగును. అట్టి ద్వారము లేనియెడల, సబ్‌వూఫరుకు స్పీకరు తీగల ద్వారము ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో ఆంప్లిఫైయరు కొనలనుండియే దానికి తీగలు తీయవచ్చును. అప్పుడు విభజన సబ్‌వూఫరుమీది మీటతోనే చేయవలెను. కడపట ఫేజు మీటను రెండు వైపులకు మార్చి, కూర్చుండు చోట తగ్గుస్థాయి ధ్వని ఏ వైపున నిండుగా వినబడునో ఆ వైపున నిలుపవలెను.

అనేక గదులలో ఒకే పాట వినగోరువారు మఱియొకటి గమనింపవలెను. తీగలేని యంత్రములు సందేశమును కొంత నిలువచేసికొని పిమ్మట పలుకును. ఆ జాగు అన్ని జాతుల యంత్రములలో నొకటిగా నుండదు. ఒక గదిలో బ్లూటూతు పెట్టెను, ప్రక్కగదిలో వై-ఫై పెట్టెను పెట్టినచో పాట ప్రతిధ్వనివలె రెండుగా వినబడవచ్చును. అన్ని గదులకును ఒకే జాతి పెట్టెలైనచో అవి తమలో తాము కాలమును సరిచూచుకొనును.

పాత స్పీకరును కలుపుటకు ముందు పరీక్షింపుడు. శంకువు అంచుననున్న నురుగుపట్టీ పొడియగుచున్నదేమో చూడుడు. 1.5 వోల్టుల బ్యాటరీని కొనలకు క్షణమాత్రము తాకింపుడు. శంకువు కదలి టప్పుమని పలికినచో తీగచుట్ట తెగలేదన్నమాట. బ్యాటరీ ధనకొన ఎఱుపునకు తాకినప్పుడు రెండు స్పీకరుల శంకువులును ఒకే వైపునకు కదలవలెను. ఒకటి ముందుకును ఒకటి వెనుకకును పోయినచో ధ్వనులు ఒకదాని నొకటి చంపుకొని, తగ్గుస్థాయి పలచబడును. తీగలు కలుపునపుడు కరెంటును ఆపుడు. ఒక కొననుండి లేచిన సన్నని పోగు ప్రక్కకొనను తాకకుండ చూచుకొనుడు.

విద్యార్థులారా! క్రొత్త వస్తువు కొనుట మంచిదే. కాని ఇంటనున్న దేది, దానికి కొఱవడిన దేది యని తెలిసికొనిన పిమ్మట కొనుట వివేకము. పది నిమిషముల పరీక్షయు, ఒక చిన్న లెక్కయు మీ తండ్రిగారి ధనమును కాపాడగలవు. పెద్దలు మురిసి కొనిన పెట్టెలు మరల మీ యింట పాడగలవు.